300 ఎముకలా, 206 ఎముకలా?

పెద్దవాళ్ళ ఒంట్లో 206 ఎముకలుంటాయని హైస్కూలు పిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు. సుశ్రుత సంహిత 300 అంటుంది. చరక సంహిత 360 అంటుంది. ఈ మూడు అంకెలూ ఒకచోట చేరాయంటే చాలు, మన దగ్గర వాదం రెండు పక్షాలుగా చీలిపోతుంది. ఒక పక్షానికి సుశ్రుతుడు పొరపడడమన్న ప్రశ్నే లేదు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఇంచుమించు 300 ఎముకలుంటాయి కాబట్టి ఆయన చెప్పింది ఆ సంగతేనంటారు. రెండో పక్షానికి ఈ తేడా ఒక్కటే సాక్ష్యం. శరీరం లోపల ఏముందో తెలియనివాళ్ళు కూర్చుని అల్లిన కథలని కొట్టిపారేస్తారు. ఈ ఇద్దరిలో సుశ్రుతుడి జాబితా తెరిచి ఒక్కొక్క ఎముకా లెక్కపెట్టి చూసే శ్రమ పడేవాళ్ళు తక్కువ. ఆ శ్రమ పడితే రెండు పక్షాలకూ ఇబ్బంది కలిగించే విషయాలు బయటపడతాయి. ఆయుర్వేద గ్రంథాల్లోని శరీర వర్ణన అంతా ఒకే తూకంలో తూగేది కాదు. అందులో కళ్ళారా చూసి రాసినవి కొన్ని. కన్ను చేరలేని చోట ఊహించి పూరించినవి కొన్ని. సిద్ధాంతానికి అమరేలా లెక్క సరిపెట్టినవి మరికొన్ని. ఏది ఏ కోవకు చెందుతుందో విడదీసి చూస్తేనే ఆధునిక శరీరశాస్త్రంతో పోలికకు అర్థం ఉంటుంది.

మొదట చూపు సంగతి. సుశ్రుత సంహిత ఎప్పటిదన్న దానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. కొన్ని శతాబ్దాల పాటు పొరలు పొరలుగా చేరిన గ్రంథమిది. నేపాల్లో దొరికిన ఒక తాళపత్ర ప్రతి క్రీ.శ. 878 నాటిది. ఈ గ్రంథంలోని శారీరస్థానం అయిదో అధ్యాయంలో శవాన్ని ఎలా పరిశీలించాలో చెప్పిన భాగం ప్రపంచ వైద్య చరిత్రలోనే విలువైనది. విషం తిని చనిపోయినవాడిది, దీర్ఘరోగంతో తీసుకుని పోయినవాడిది, పండు ముసలివాడిది కాని శరీరాన్ని ఎంచుకోవాలి. పేగుల్లోని మలం తీసేయాలి. ముంజగడ్డి, నారచీర, దర్భ, జనుము వంటివాటితో చుట్టి, పంజరంలో పెట్టి, జనసంచారం లేనిచోట పారే నీటిలో ఉంచాలి. ఏడు రాత్రులు గడిచి బాగా మెత్తబడ్డాక పైకి తీసి, వట్టివేళ్ళతో గాని వెంట్రుకలతో గాని వెదురుతో గాని చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని లోపలి అవయవాల దాకా పొర తర్వాత పొర కంటితో చూడాలి. శాస్త్రంలో చదివినదీ కంటితో చూసినదీ రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందని ఆ అధ్యాయం స్పష్టంగా అంటుంది. కత్తి పట్టే వైద్యుడికి ఈ చదువు తప్పదన్న పట్టుదల అందులో కనిపిస్తుంది.

ఆ చూపు ఎంత దూరం వెళ్ళిందో కాలి ఎముకల లెక్కలో తెలుస్తుంది. సుశ్రుతుడు ఒక్కొక్క కాలివేలికి మూడు చొప్పున 15 ఎముకలు చెప్పాడు. అరికాలు, దాని వెనకభాగం, చీలమండ కలిపి 10. మడమలో 1. పిక్కల దగ్గర 2. మోకాట్లో 1. తొడలో 1. మొత్తం 30. ఇప్పుడు ఆధునిక లెక్క చూద్దాం. కాలివేళ్ళలో 14, అరికాలిలో 5, మడమతో కలిపి చీలమండ భాగంలో 7, పిక్కల దగ్గర 2, మోకాలి చిప్ప 1, తొడ ఎముక 1. ఇదీ 30. మొత్తం ఒక్కటే అయినా లోపలి పంపకంలో చిన్న తేడా ఉంది. బొటనవేలికి ఇవాళ్టి లెక్కలో రెండే ఎముకలు. సుశ్రుతుడు మూడన్నాడు. అంటే బొటనవేలి మొదట్లో అరికాలిలో ఉండే పొడుగాటి ఎముకను ఆయన వేలిలోనే కలిపేశాడన్నమాట. అలా కలిపితే అరికాలిలో మిగిలేవి 4, మడమను విడిగా లెక్కించాక చీలమండ భాగంలో మిగిలేవి 6. రెండూ కలిస్తే ఆయన చెప్పిన 10 సరిగ్గా వస్తుంది. గ్రీకు వైద్యుడు గేలెన్ కూడా చేతి బొటనవేలికి మూడు ఎముకలనే చెప్పాడు. ఆ ఎముకను వేలిలో కలపాలా అరచేతిలో కలపాలా అన్నది పేరు పెట్టడంలో వచ్చే తేడా. కాలి ఎముకల్ని విడదీసి చేతిలోకి తీసుకుని లెక్కపెట్టకుండా ఈ వివరం రాదు.

అయితే అదే అధ్యాయం వెంటనే మరో మాట అంటుంది. రెండో కాలికీ, రెండు చేతులకీ ఇదే లెక్క వర్తిస్తుందని. అలా 30 చొప్పున నాలుగు అవయవాలకు 120. ఆధునిక లెక్కలో భుజం దగ్గరా కటి దగ్గరా ఉండేవి వదిలేస్తే చేతికి కూడా 30 ఎముకలే, మొత్తం 120 ఎముకలే. ఇక్కడ చప్పట్లు కొట్టేముందు కొంచెం ఆగాలి. చేతికి మడమ లేదు. మోచేతికి చిప్ప లేదు. మోచేతి వెనక పొడుచుకొచ్చే కొన ముంజేతి ఎముకలో భాగమే తప్ప విడి ఎముక కాదు. మణికట్టులో చూస్తే 8 చిన్న ఎముకలున్నాయి. కాలి లెక్కను యథాతథంగా చేతికి ఎత్తిరాయడం వల్ల రెండు లేని ఎముకలు వచ్చి చేరాయి, మణికట్టులోని రెండు జారిపోయాయి. ఎక్కువా తక్కువా కొట్టుకుపోయి మొత్తం సరిపోయింది. మొత్తం కలిసినంత మాత్రాన చూసి రాశారని తేల్చలేమనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కాలు విషయంలో పరిశీలన ఉంది. చేయి విషయంలో కాలిని చూసి వేసిన అంచనా ఉంది. రెండూ ఒకే గ్రంథంలో పక్కపక్క వాక్యాలుగా ఉన్నాయి.

మరి 300 ఎలా అయింది? మొండెంలో 117, మెడ నుంచి పైకి 63 చెప్పాడు సుశ్రుతుడు. పైభాగంలోని 63లో పళ్ళే 32. మొండెంలో ఒక్కొక్క పక్కకు 36 చొప్పున 72 ఉన్నాయి. మనకున్న పక్కటెముకలు 24 కదా, 72 ఎక్కడివి? దీనికి జవాబు చరక సంహితలో దొరుకుతుంది. చరకుడు 24 పక్కటెముకలు, అవి వెన్నుకు ఆనుకునే గుంటలు 24, ఆ గుంటల దగ్గరి బొడిపెలు 24 అని విడదీసి చెప్పాడు. పక్కటెముకలు 24 అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. గుంటల్నీ బొడిపెల్నీ విడి ఎముకలుగా లెక్కించడం వల్ల అంకె మూడింతలైంది. చరకుడి 360లో 32 పళ్ళు, ఆ పళ్ళు దిగిన గుంటలు మరో 32, గోళ్ళు 20 కూడా చేరాయి. గట్టిగా ఉన్నదల్లా ఎముకే అన్నది వాళ్ళ నిర్వచనం. సుశ్రుతుడు ఎముకల్ని అయిదు రకాలుగా విభజించినప్పుడు పళ్ళకు రుచకాలని, మెత్తటి మృదులాస్థికి తరుణాస్థులని పేర్లు పెట్టి వాటినీ ఎముకల జాబితాలోనే ఉంచాడు. ఆయన 300 నుంచి పళ్ళు 32, పక్కటెముకల గుంటలూ బొడిపెలూ 48 తీసేస్తే 220 మిగులుతాయి. మెడలోని గొంతు గొట్టానికి చెప్పిన 4 మృదులాస్థులు తీసేస్తే 216. ఆ మాటకొస్తే 206 కూడా ఒక ఒప్పందం మీద నిలిచిన అంకే. నడుము కింద కలిసిపోయిన అయిదు పూసల్ని ఒక్కటిగా లెక్కపెట్టాలని, చెవిలోని ఆరు బుల్లి ఎముకల్ని కూడా చేర్చాలని, పళ్ళను వదిలేయాలని అనుకున్నాక వచ్చిన లెక్క అది.

ఇక్కడే పసిబిడ్డ వాదం కూలిపోతుంది. పుట్టిన బిడ్డకు సుమారు 270 నుంచి 300 దాకా ఎముకలుండే మాట నిజమే. పెరిగేకొద్దీ అవి కలిసిపోయి 206కు వస్తాయి. కాని సుశ్రుతుడి జాబితాలో 32 పళ్ళున్నాయి. జ్ఞానదంతాలతో సహా 32 పళ్ళున్న శరీరం పెద్దవాళ్ళదే అవుతుంది. కాబట్టి ఆయన ముందున్నది పెద్దవాళ్ళ శరీరమే. ఆయన్ని కాపాడాలని తెచ్చిన వాదం ఆయన రాసిందాన్నే చదవకుండా తెచ్చిన వాదం. 1907లో రుడాల్ఫ్ హెర్న్‌లే అనే పండితుడు ప్రాచీన భారత వైద్యుల ఎముకల జ్ఞానం మీద ఆక్స్‌ఫర్డ్ నుంచి ఒక పుస్తకం తెచ్చాడు. చరక, సుశ్రుతుల జాబితాల్ని ఎముక ఎముకా ఆధునిక శాస్త్రంతో పోల్చి, ఆ జ్ఞానం విస్తృతీ ఖచ్చితత్వమూ తనను ఆశ్చర్యపరిచాయని రాశాడు. వలస పాలకుల కాలంలో ఒక యూరోపియన్ పండితుడి నోట ఆ మాట వచ్చిందంటే, ఆయన అంకెల్ని మాత్రం చూసి ఊరుకోకుండా జాబితాను విప్పి చూశాడు కాబట్టే.

కన్ను చేరని చోట

ఏడు రాత్రులు నీటిలో నానిన శరీరంలో ఎముకలు నిలుస్తాయి, నరాలూ కీళ్ళ కట్లూ కొంతవరకు నిలుస్తాయి. మెదడు మాత్రం నిలవదు. చనిపోయాక ముందుగా మెత్తబడి కరిగిపోయే అవయవాల్లో అదొకటి. ఫార్మలిన్ లేని రోజుల్లో, అందులోనూ వేడి ప్రాంతంలో, దాన్ని ఆకారం చెడకుండా చూడడం కష్టం. దీని ఫలితం గ్రంథాల్లో కనిపిస్తుంది. శరీరంలోని ద్రవాలనూ మెత్తటి పదార్థాలనూ దోసిళ్ళతో కొలిచి చెప్పిన చోట చరక సంహిత మెదడుకు అర దోసిలి కేటాయించింది. మనిషి మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. ఎంత పెద్ద చేతులైనా అది అర దోసిలిలో ఇమడదు. తల ఉత్తమాంగమనీ, ఇంద్రియాలకు అదే ఆశ్రయమనీ చరకుడికి తెలుసు. మరో ప్రాచీన వైద్యగ్రంథమైన భేల సంహిత మనసును తలకూ అంగిలికీ మధ్య ఉంచింది. తలకు దెబ్బ తగిలితే ఏమవుతుందో బతికున్న రోగిలో చూసే అవకాశం వైద్యుడికి ఉంది కాబట్టి ఆ మేరకు తెలిసింది. తల లోపలి పదార్థం ఏం పని చేస్తుందో చూసే దారి లేదు. అందుకే చైతన్యానికి స్థానంగా గుండె నిలిచిపోయింది. కిందికి వాలిన తామర మొగ్గలా ఉండే గుండె మెలకువలో విచ్చుకుంటుందని, నిద్రలో ముడుచుకుంటుందని సుశ్రుతుడు రాశాడు. ఆకారం వరకు ఆ పోలిక ఫర్వాలేదు. గుండె నిద్రలోనూ మెలకువలోనూ ఒకే తీరుగా ముడుచుకుంటూ విచ్చుకుంటూనే ఉంటుంది.

మూత్రపిండాల కథ ఇంకా తేటగా ఉంటుంది. మూత్రాశయంలో రాయి తీసే శస్త్రచికిత్స సుశ్రుత సంహితలో ఉంది. మలద్వారానికి ముందు నడిమి గీత ఉంటుంది కదా, దానికి ఎడమ పక్కన యవగింజంత ఎడం వదిలి కోత పెట్టాలి. చుట్టుపక్కల ఎనిమిది చోట్లు తెగకుండా కాపాడుకోవాలి. వాటి పేర్లు వరసగా చెప్పి, ఒక్కొక్కటి తెగితే వచ్చే ప్రమాదం కూడా చెప్పాడు. అక్కడ వైద్యుడి వేలు స్వయంగా తడిమింది కాబట్టి వివరం అంత నిక్కచ్చిగా వచ్చింది. అదే గ్రంథంలో ఆ మూత్రాశయంలోకి మూత్రం ఎక్కడినుంచి వస్తుందని వెతికితే, పక్వాశయం (పెద్దపేగు) నుంచి వేల సూక్ష్మ నాళాలు మోసుకొస్తాయని, కొత్తకుండను మూతిదాకా నీటిలో ముంచితే చుట్టూ గోడల్లోంచి నీరు ఊరినట్టు మూత్రాశయం నిండుతుందని ఉంటుంది. మూత్రపిండాలు రెండున్నాయని తెలుసు, వాటికి వృక్కాలని పేరుంది. వాటి పని మాత్రం పొట్టలోని కొవ్వుకు పుష్టినివ్వడమని తర్వాతి కాలపు శార్ఙ్గధర సంహిత చెబుతుంది. వృక్కానికీ మూత్రానికీ ఉన్న సంబంధం జారిపోయింది. ఆ రెండు పిండాలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, దానిలో చాలావరకు తిరిగి రక్తంలోకి పంపి, ఒకటి రెండు లీటర్లే మూత్రంగా వదులుతాయని మనకు ఇవాళ తెలుసు. కత్తి చేరిన మూత్రాశయం దగ్గర నిజం, కత్తి చేరని మూత్రపిండం దగ్గర ఊహ. రెండింటి మధ్య దూరం ఒక జానెడుకు కొంచెం ఎక్కువ.

లెక్క సరిపెట్టిన చోట

మూడో కోవ మరీ జాగ్రత్తగా చూడవలసినది. సిరలు 700 అని సుశ్రుతుడు చెప్పాడు. అవి ఎలా పంచబడ్డాయో చూస్తే వాతాన్ని మోసేవి 175, పిత్తాన్ని మోసేవి 175, కఫాన్ని మోసేవి 175, రక్తాన్ని మోసేవి 175. నాలుగు కలిస్తే 700. ప్రకృతిలో రక్తనాళాలు ఇంత సమానంగా వాటాలు వేసుకోవు. కాలి ఎముకల జాబితాలో 15, 10, 1, 2, 1, 1 అని వచ్చిన అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఎందుకంటే శరీరమే అలా ఉంది. 175 నాలుగుసార్లు రావడం సిద్ధాంతం చేసిన పంపకం. చరకుడి దోసిళ్ళ లెక్కలోనూ ఇదే జాడ. నీరు 10, రసం 9, రక్తం 8, మలం 7, కఫం 6, పిత్తం 5, మూత్రం 4, వస 3, కొవ్వు 2, మజ్జ 1. మెట్టు దిగుతున్నట్టు పది నుంచి ఒకటికి వచ్చే ఈ వరస గుర్తు పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది, కొలిచిన వరసలా ఉండదు. చరకుడు ఆ సంగతి దాచలేదు. ఇవి పెరుగుతూ తరుగుతూ ఉండేవని, ఊహించి తెలుసుకోవలసినవని తానే అన్నాడు. ఆ నిజాయితీ అర్థం కాని మన కాలంలో కొందరు ఆ దోసిళ్ళను మిల్లీలీటర్లలోకి మార్చి ప్రయోగశాల లెక్కలతో కలుపుతున్నారు.

ఇలాంటి కలపడాల్లో అన్నింటికన్నా ప్రచారం పొందింది చర్మం పొరల పట్టిక. సుశ్రుతుడు చర్మానికి ఏడు పొరలు చెప్పాడు. ఆధునిక శాస్త్రంలో పైచర్మానికి అయిదు పొరలు, లోపలి చర్మానికి రెండు, మొత్తం ఏడు అంటూ ఒకదాని ఎదురుగా ఇంకొకటి రాసి చూపిస్తారు. అంకె కలిసింది, అంతే. పైచర్మంలో అయిదు పొరలూ కనిపించేది అరచేతుల్లో, అరికాళ్ళలో ఉండే దళసరి చర్మంలోనే. మిగతా ఒంటి మీద నాలుగే ఉంటాయి. సుశ్రుతుడు మాత్రం తన కొలతలు కండ పట్టిన చోట్లకే వర్తిస్తాయని, నుదుటికీ సన్నటి వేళ్ళకూ వర్తించవని హెచ్చరించాడు. అంటే ఆయన చూస్తున్న చోటు వేరు, మనం పట్టికలో ఎక్కించిన చోటు వేరు. ఆయన కొలత వడ్లగింజ. మొదటి పొర గింజలో 18వ వంతు, ఆరోది ఒక గింజంత మందం, ఏడోదైన మాంసధర రెండు గింజలంత. ఇవి కత్తి దిగే లోతులు. పైచర్మంలోని అయిదు పొరలు సూక్ష్మదర్శిని కింద తప్ప విడివిడిగా కనిపించవు. ఆ పరికరం 17వ శతాబ్దంలో గాని రాలేదు. జలోదరంలో నీరు తీయడానికి పొట్టకు ఎంత లోతుగా పొడవాలో తేల్చుకోవలసిన వైద్యుడికి ఆ ఏడు పొరలు పనికొచ్చే సమాచారం. వాటిని కణజాల శాస్త్రంగా మార్చి ఆయనకు లేని సూక్ష్మదర్శినిని చేతిలో పెట్టడం గౌరవం అనిపించుకోదు.

ఎదురు ప్రశ్నలు

ఆయుర్వేదం శరీరాన్ని విడిభాగాలుగా చూడదు, పనుల వ్యవస్థగా చూస్తుంది, కాబట్టి ఎముకలతో అవయవాలతో పోల్చడమే తప్పు అని ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇందులో సగం నిజం ఉంది. వాతం, పిత్తం, కఫం కోసి చూపించే వస్తువులు కావు. స్రోతస్సు అంటే ఒక గొట్టం అనే కన్నా ఒక ప్రవాహం అనడం దగ్గరగా ఉంటుంది. ఈ మాట ఒప్పుకుంటే దాని ఫలితాన్నీ ఒప్పుకోవాలి. వాతమంటే నాడీమండలమని, పిత్తమంటే హార్మోన్లని రాయడం మానుకోవాలి. అవయవాలతో పోల్చకూడదని ఒక పేజీలో, పోల్చి చూపించి మరో పేజీలో అనడం కుదరదు. మనం పాఠ్యపుస్తకాల్లో ధమని, సిర అన్న మాటల్ని గుండె నుంచి వెళ్ళేదానికి, గుండెకు చేరేదానికి వాడుతున్నాం. సుశ్రుతుడి సిరలకు మూలం నాభి. గర్భంలోని శిశువుకు బొడ్డుతాడు ద్వారా పోషణ అందడం చూసిన కంటికి ఆ ఊహ సహజం. పేరు ఒకటైనంత మాత్రాన 1628లో విలియం హార్వే నిరూపించిన రక్తప్రసరణ అందులో ఇమిడి ఉందనలేం. పైగా పని గురించి చెప్పిన మాటలు కూడా పరీక్షకు నిలవాలి. మూత్రం పక్వాశయం నుంచి ఊరుతుందన్నది పని గురించిన మాటే. అది నిలవలేదు.

పనిని చూసి గీసిన చిత్రం చక్కగా నిలిచిన చోటు కూడా ఉంది. అది మర్మాల అధ్యాయం. సుశ్రుతుడు 107 మర్మాలు చెప్పాడు. చేతులు కాళ్ళలో 44, పొట్ట ఛాతీలో 12, వీపులో 14, మెడ నుంచి పైకి 37. దెబ్బ తగిలితే ఏమవుతుందన్న దాన్ని బట్టి వాటికి అయిదు రకాలు. వెంటనే ప్రాణం తీసేవి 19, కొంతకాలానికి తీసేవి 33, అవయవం చచ్చుబడేలా చేసేవి 44, నొప్పి మిగిల్చేవి 8. మిగిలిన 3 ప్రత్యేకమైనవి, తలలో కనుబొమల మధ్య ఒకటి, కణతల పైన రెండు. అక్కడ గుచ్చుకున్న బాణం లోపల ఉన్నంతసేపు మనిషి బతికి ఉంటాడు, పీకేస్తే పోతాడు. ఒంట్లో దిగిన కత్తినో ఇనపముక్కనో అక్కడికక్కడ లాగేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళమని ఇవాళ ప్రథమ చికిత్స నేర్పేవాళ్ళు చెప్పే కారణం కూడా ఇదే. గుచ్చుకున్న వస్తువే రక్తనాళాన్ని అదిమి పట్టి ఉండవచ్చు. మర్మం ఒక అవయవం కాదు. ఎక్కడ తగిలితే ఏమవుతుందో యుద్ధగాయాలు చూసిన శస్త్రవైద్యుడు గుర్తుపెట్టుకున్న ప్రమాద స్థలాల పట్టిక. దాన్ని అలాగే చదివితే విలువ నిలుస్తుంది. ఒక్కొక్క మర్మానికీ ఒక గ్రంథినో ఒక నాడీ కూడలినో అంటగట్టడం మొదలుపెడితే ఆ విలువ పోతుంది.

యోగదృష్టితో చూసినవాటిని కంటితో ఎలా పరీక్షిస్తారని మరికొందరు అడుగుతారు. దీనికి జవాబు సుశ్రుత సంహితే ఇచ్చింది. శరీరంలో ఉండే అతిసూక్ష్మమైన ఆత్మను కంటితో చూడలేమని, దానికి జ్ఞానమూ తపస్సూ కావాలని, ఆ శవపరిశీలన చెప్పిన చోటే అంటుంది. ఆత్మకు తపస్సు, శరీరానికి కన్ను. రెండింటి హద్దు గీసింది ఆయనే. ఎముకల లెక్కకు దివ్యదృష్టి చాలుననుకుంటే నదిలో పంజరం కట్టమని చెప్పే అవసరమే ఉండేది కాదు.

యూరప్ వాళ్ళు మాత్రం తప్పులు చేయలేదా అన్నది ఇంకో ప్రశ్న. చేశారు, మనకన్నా తక్కువేమీ కాదు. గేలెన్ కోతుల్నీ ఇతర జంతువుల్నీ కోసి చూసి మనిషి శరీరం గురించి రాశాడు. గుండె మధ్యగోడలో కంటికి కనిపించని రంధ్రాల గుండా రక్తం అటూ ఇటూ పోతుందన్నాడు. ఆ మాటలు సుమారు 1,300 ఏళ్ళు వేదవాక్కులుగా చెలామణీ అయ్యాయి. 1543లో శరీరశాస్త్రజ్ఞుడు వెసేలియస్ మనిషి శవాన్ని స్వయంగా కోసి చూసి, గేలెన్ పొరపాట్లను వరసగా చూపించాడు. చెవిలోని బుల్లి ఎముకలు ఇటలీ శరీరశాస్త్రజ్ఞుల కంటపడింది కూడా ఆ శతాబ్దంలోనే. తేడా అంతా ఆ తర్వాత జరిగినదానిలో ఉంది. అక్కడ గురువు రాసిన తప్పును శిష్యుడు కత్తి పట్టి దిద్దాడు. ఇక్కడ సుశ్రుతుడు చూపిన పద్ధతి గ్రంథంలో మిగిలింది, ఆచరణలో తెగిపోయింది. వాగ్భటుడు ఎముకలు 360 అన్న పాత లెక్కనే మళ్ళీ చెప్పాడు. వ్యాఖ్యాతలు మూలాన్ని మాటతో విడమరిచారు, శవంతో పోల్చలేదు. చేతికి మడమ ఉందా అని ఒక్కరు తడిమి చూసుకున్నా ఆ వాక్యం మారేది. గుండె కింద కుడిపక్కన కాలేయంతో పాటు ఉంటుందన్న క్లోమం ఏ అవయవమో ఇప్పటికీ పండితుల మధ్య తేలలేదు. కొందరు పాంక్రియాస్ అంటారు, కొందరు కుడి ఊపిరితిత్తి అంటారు, పిత్తాశయమన్నవాళ్ళూ ఉన్నారు. చూసే అలవాటు పోయాక పేరుకు వస్తువు దొరకని దశ ఇది.

తెగిన ఆ తీగను మళ్ళీ అందుకున్నది కూడా ఆయుర్వేద పండితులే కావడం మరిచిపోరాదు. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో ఆధునిక పద్ధతిలో శవచ్ఛేదనం చేసిన మధుసూదన గుప్తా వైద్య కుటుంబంలో పుట్టి, సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం బోధించినవాడు. ఇంగ్లీషు శరీరశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలోకి తెచ్చినవాడు కూడా ఆయనే. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో కలకత్తా ఆయుర్వేద వైద్యుడు గణనాథ సేన్ ‘ప్రత్యక్ష శారీరం’ పేరుతో సంస్కృతంలో కొత్త శరీరశాస్త్రమే రాశాడు. పాత గ్రంథాల పాఠం చాలాచోట్ల చెడిపోయిందని, కంటితో చూసి దిద్దుకోవాలని ఆయన వాదం. ఈ ఇద్దరూ ఆయుర్వేదాన్ని తక్కువ చేయలేదు. సుశ్రుతుడు చెప్పిన పని తమ కాలంలో తాము చేశారు.

ఇదంతా గ్రంథాలయంలో తేల్చుకోవలసిన తగవుగా ఇప్పుడు మిగల్లేదు. విజయవాడ, హైదరాబాద్, తిరుపతి ఆయుర్వేద కళాశాలల్లో చేరిన విద్యార్థి రచనా శారీరం అనే పాఠ్యాంశంలో సంహితల శరీర వర్ణననూ, శవాన్ని కోసి నేర్చుకునే ఆధునిక శరీర నిర్మాణాన్నీ పక్కపక్కనే చదువుతాడు. 2020 నవంబరులో ఆయుర్వేద శల్య (శస్త్రచికిత్స), శాలాక్య (కన్ను, చెవి, ముక్కు, గొంతు) విభాగాల్లో పీజీ చేసినవారు 58 రకాల శస్త్రచికిత్సలు చేయవచ్చని గెజిట్ వెలువడింది, అల్లోపతి డాక్టర్ల సంఘం దానిమీద దేశవ్యాప్తంగా నిరసన తెలిపింది. ఆ వివాదంలో ఎవరు ఎటు నిలిచినా ఒక్క విషయంలో తేడా ఉండడానికి వీల్లేదు. కత్తి దిగేది రోగి ఒంట్లో ఉన్న మూత్రనాళం మీద, గ్రంథంలో ఉన్న వేల సూక్ష్మ నాళాల మీద కాదు. విద్యార్థికి ఈ రెండూ ఒకటేనని నేర్పే పట్టిక పరీక్షలో మార్కులు తెస్తుంది గాని ఆపరేషన్ టేబుల్ దగ్గర ప్రమాదం తెస్తుంది.

కాబట్టి చేయవలసిన పని స్పష్టం. రచనా శారీరం పుస్తకాలు రాసేవాళ్ళు ప్రతి వర్ణన పక్కనా ఇది చూసి రాసిందా, ఊహించిందా, సిద్ధాంతం కోసం లెక్క కలిపిందా అని గుర్తు పెట్టాలి. ఏడు పొరలకు ఏడు పొరలు కలిపే పట్టికల్ని తీసేయాలి. కాలి ఎముకల లెక్కను గర్వంగా చెప్పాలి, చేతి ఎముకల లెక్కను తప్పని చెప్పాలి. పాఠకులు కూడా ఫలానా ప్రాచీన మాటకు ఫలానా ఆధునిక అవయవమే అర్థమని ఎవరైనా చెప్పినప్పుడు, ఎవరు చూశారు, ఏ శరీరంలో చూశారు, ఎలా చూశారు అని మూడు ప్రశ్నలు అడగాలి. సుశ్రుతుడి ముందు ఈ ప్రశ్నలు పెడితే ఆయన నొచ్చుకునేవాడు కాదు. శవపరిశీలన విధానంలో ఆయన రాసి పెట్టింది ఆ మూడింటికీ జవాబే.